బావ కంప్యూటరుకు కొలతలు తీసిన వారం

మా బావను వీధిలో అందరూ మాస్టారు అంటారు. బడిలో పాఠాలు చెప్పినందుకు కాదు, కత్తెర పట్టినందుకు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన పని ఒకటే. మెడలోంచి టేపు తీయడం, కొలవడం, కత్తిరించడం, కుట్టడం. పాత చొక్కా ఆదిగా తెచ్చి ఇలాగే కుట్టమన్నవాళ్ళను కూడా నిలబెట్టి కొలుస్తాడు. "చొక్కా అబద్ధం చెప్తుంది, ఒళ్ళు చెప్పదు" అంటాడు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. ఆయనకు పిల్లలు లేరు.

ఆయన భార్య మా అక్క. అక్క పోయి ఏడు నెలలైంది. నాకూ అక్కకూ పద్నాలుగేళ్ళ తేడా. అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది కాబట్టి నాకు జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ అక్కే. మా ఇల్లు అదే వీధిలో. అక్క పోయాక నేను మా ఇంట్లో పనులన్నీ చేస్తూనే ఉన్నాను. మాటలు మాత్రం తగ్గిపోయాయి. అడిగితే చెప్పడం, లేకపోతే లేదు.

ఒక సోమవారం పొద్దున నేను గిన్నెలు తోముతుంటే బావ వచ్చి మా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఒక కాగితం.

"చిట్టీ, నాకో కంప్యూటర్ కావాలి."

"నీ దగ్గర ఉందిగా బావా. మా అమ్మాయి పాతది ఇచ్చింది కదా."

"అది చాలదు. ఆటలాడే కంప్యూటర్ కావాలి. విడిభాగాలు కొని మనమే బిగించుకోవాలట."

నా చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది. అక్క పోయి ఏడాది తిరగలేదు, ఈయనకు ఆటలు కావాల్సొచ్చాయా అనుకున్నాను. అనుకున్నది ముఖం మీద కనపడే ఉంటుంది, బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సంగతేమిటో మా అమ్మాయి చెప్పింది. బావ ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒక ఆట ఆడతాడు. నలుగురు మనుషులు, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, ఒకే పడవలో సరుకు వేసుకుని నది దాటించాలి. దారిలో దొంగలు. బావది చుక్కాని. మిగతా ముగ్గురి ముఖాలు ఆయన ఎప్పుడూ చూడలేదు, గొంతులే తెలుసు. ఇప్పుడు ఆ ఆట మార్చారట. ఈ ఆదివారం నుంచి పాత కంప్యూటర్లలో నడవదు. నలుగురు లేనిదే పడవ కదలదు.

"పెదనాన్న రాకపోతే వాళ్ళు ఇంకొకర్ని చూసుకుంటారమ్మా. ఇప్పటికే ఒకాయన వస్తానంటున్నాడట."

"చూసుకోనీ" అన్నాను.

"నీకు తెలీదులే" అంది అమ్మాయి. దానికి పదిహేడేళ్ళు. ఆ వయసులో మనకేమీ తెలియదనే వాళ్ళ నమ్మకం.

ఆ సాయంత్రం కటింగ్ బల్ల మీద కాగితం పరిచి ఇద్దరూ కూర్చున్నారు. నేను బావకు కూర ఇచ్చి వద్దామని వెళ్ళి, డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ప్రాసెసర్ అంటే కటింగ్ మాస్టర్ అనుకో పెదనాన్నా. ఏది ఎలా చెయ్యాలో చెప్పేది అదే."

"మరి ర్యామ్?"

"నీ కటింగ్ బల్ల. బల్ల పెద్దదైతే ఒకేసారి ఎక్కువ గుడ్డ పరచొచ్చు."

"ఈ ఎస్ఎస్‌డీ ఏంటి?"

"బీరువా. కుట్టినవి మడతపెట్టి దాచేది."

"గ్రాఫిక్స్ కార్డు?"

"ఎంబ్రాయిడరీ మిషన్. తెర మీద బొమ్మలన్నీ వేసేది అదే. అన్నిటికంటే ఖరీదు దానికే."

"అక్కడా అంతేనా! కుట్టినవాడికి కాణీ, పువ్వులేసినవాడికి రూపాయి" అని బావ నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఈ ప్రాసెసర్‌కు ఈ మదర్‌బోర్డే ఎందుకు, పక్కది చవకగా ఉందిగా అని అడిగాడు. అడుగున పిన్నులు కలవవని అమ్మాయి చెప్పింది. "అంటే గుండీకి తగ్గ కాజా ఉండాలి" అన్నాడు. ఆ తర్వాత ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గుండీ కాజా కలిసిందో లేదో ఒక్కొక్కటీ ఆయనే అడిగి టిక్కు పెట్టుకున్నాడు.

"పవర్ సప్లై ఐదువందల వాట్లు చాలు" అంది అమ్మాయి.

"ఆరువందల యాభై రాయి. పెరిగే పిల్లకు కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదలాలి."

"కంప్యూటర్ పెరగదు పెదనాన్నా!"

"అది పెరగదు, ఆశ పెరుగుతుందిగా. రేపు ఇంతకంటే పెద్ద కార్డు కావాలనిపిస్తే?"

నిజం చెప్పొద్దూ, ఆయన మాటలో తప్పేమీ లేదని నాక్కూడా అనిపించింది. కూర డబ్బా అక్కడ పెట్టి వచ్చేశాను.

బుధవారం అమ్మాయికి పరీక్ష. బావకు తోడు వెళ్ళమని నన్ను పంపింది. "ఆయన ఒక్కడే వెళ్తే మొహమాటానికి వాళ్ళేది అంటగడితే అది తెస్తాడు. నువ్వు పక్కనుంటే చాలు, నీ మొహం చూస్తే ఎవరూ ఎక్కువ చెప్పరు" అంది. కడుపున పుట్టినవాళ్ళు ఇంతకంటే మంచి మాట ఏం చెప్తారు?

కొట్టు మేడ మీద. మెట్లు ఇరుకు, లోపల గది ఇంకా ఇరుకు. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలే. బల్ల వెనక నా ఈడు ఆవిడ, కళ్ళద్దాలు నెత్తిమీదకు తోసుకుని, నోట్లో స్క్రూ పట్టుకుని ఏదో బిగిస్తోంది. స్క్రూ తీసి, "ఎవరికండీ, అబ్బాయికా?" అంది.

"నాకే."

"మీకా?"

"పడవ ఆటకి."

"ఓహో! పడవలో మీరేంటి?"

"చుక్కాని."

ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించి బావను మళ్ళీ ఒకసారి చూసింది. "అయితే ర్యామ్‌లో పీనాసితనం చెయ్యకండి. మలుపులో తెర ఆగిందంటే పడవ బండకే" అంది. ఆ తర్వాత ఇద్దరూ పాత చుట్టాల్లా మాట్లాడుకున్నారు. కాగితంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. బావ ప్రతి పెట్టె మీద నంబరును కాగితంలో నంబరుతో వేలు పెట్టి సరిచూశాడు.

"రంగులైట్లు వెలిగే ఫ్యాన్లున్నాయి, ఇమ్మంటారా?"

"సర్కస్ పెట్టట్లేదమ్మా."

చివరికి మిగిలింది క్యాబినెట్, అంటే ఇవన్నీ బిగించే పెట్టె. ఆవిడ ఒక పెద్దది చూపించి గాలి బాగా ఆడుతుంది, ఇది తీసుకోండి అంది. బావ మెడలోంచి టేపు తీశాడు. బజారుకొచ్చినా టేపు మెడలోనే ఉంటుంది.

"ఇరవై ఒక్క అంగుళాలు. నా బల్ల కింద చోటు పద్దెనిమిదే. పట్టదు."

"బల్ల కిందే పెట్టాలా?"

"పక్కన పెడితే కోట్ల చివర్లు తగులుతాయి."

పక్కన చిన్న క్యాబినెట్ ఉంది. నల్లటి రేకు, గట్టిగా ఉంది. దాన్ని ముందు నుంచి వెనక దాకా కొలిచాడు. పదహారున్నర. గ్రాఫిక్స్ కార్డు కొలిచాడు. పన్నెండుంపావు. "నాలుగుంపావు లూజు. ధారాళంగా పడుతుంది" అన్నాడు.

"లోపలి కొలత చూసుకోండి మాస్టారూ. కార్డుకు ఎంత చోటుందో దాని కాగితంలో వేరేగా రాసి ఉంటుంది. విప్పాక నేను వెనక్కి తీసుకోను" అందావిడ.

"ఎన్నో కొలిచానమ్మా. కొలత నా పని."

అంతలో ఆవిడకు ఫోనొచ్చింది. మేం పెట్టెలు సంచుల్లో సర్దుకుని దిగాం.

బస్సులో గ్రాఫిక్స్ కార్డు బావ ఒళ్ళో, మదర్‌బోర్డు నా ఒళ్ళో. బావ దారి పొడుగునా ఆ పెట్టె మీద బొమ్మ చూస్తూనే ఉన్నాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. మూడు రోజులుగా మింగుతున్న మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"అక్క ఉంటే ఇది కొననిచ్చేదా బావా?"

బావ బొమ్మ కనపడకుండా పెట్టె తిప్పి పెట్టుకున్నాడు.

"ఈ ఆట ఎప్పుడు మొదలుపెట్టానో తెలుసా చిట్టీ?"

"తెలియదు."

"మీ అక్కకు వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేసేవాళ్ళు కదా. ఇంటికొచ్చి ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడుకునేది. నేను మిషన్ తొక్కితే ఆ చప్పుడుకు తల పగిలిపోయేది. చెప్పేది కాదు. దిండు తీసి చెవి మీద పెట్టుకునేది. అది చూసి మిషన్ ఆపేశాను. ఎంతసేపని గోడ వంక చూస్తాం? మీ అమ్మాయి ఆ ఆట పెట్టిచ్చింది. చెవులకు పెట్టుకునేది ఒక చెవికే పెట్టేవాణ్ణి. రెండోది ఆవిడ పిలిస్తే వినపడడానికి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. మధ్యాహ్నాలు కొట్టు మూసి ఉంటే బావ నిద్రపోతున్నాడనుకునేదాన్ని. ఒకసారి మా ఆయనతో అన్నాను కూడా, పెళ్ళాం మంచాన పడితే ఈయన పగలంతా పడుకుంటాడని.

"అయితే వాళ్ళకు అక్క సంగతి తెలుసన్నమాట."

"జబ్బని తెలుసు. ముగ్గురిలో ఒకావిడ నర్సు. ఆవిడే మందుల గురించి చెప్పేది. ఇంకొకాయనది బేకరీ, మూడో ఆయన లెక్కల టీచర్."

"మరి పోయిందని చెప్పినప్పుడు ఏమన్నారు?"

బావ టేపు చివర వేలికి చుట్టుకున్నాడు.

"చెప్పలేదు."

"చెప్పలేదా? ఏడు నెలలుగా అడగలేదా వాళ్ళు?"

"ప్రతి ఆదివారం నర్సమ్మ అడుగుతుంది. ఆవిడ ఎలా ఉన్నారు మాస్టారూ అని. బాగానే ఉందంటాను. మొదటివారం నోరు రాలేదు. రెండోవారం కూడా అదే అన్నాను. ఇక అప్పట్నుంచి అదే మాట. వీధిలో నన్ను చూస్తే అందరూ గొంతు తగ్గిస్తారు. నువ్వు కూడా. లోకంలో మీ అక్క బాగానే ఉన్నది అక్కడొక్కచోటే చిట్టీ. ఆదివారం వెళ్ళకపోతే అదీ పోతుంది" అన్నాడు.

కోపం రావాలి. వచ్చింది కూడా. చచ్చిపోయిన మనిషిని బతికే ఉందని చెప్పడమేంటి అనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఆ కోపం ఏమైందో తెలియదు. నాకు అలాంటి చోటు ఒక్కటి కూడా లేదే అన్న కుళ్ళు మాత్రం మిగిలింది.

శనివారం మధ్యాహ్నం కటింగ్ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి అమ్మాయి బిగించడం మొదలుపెట్టింది. బావ దీపం పట్టుకున్నాడు. ప్రాసెసర్ దాని గూట్లో చప్పుడు లేకుండా కూర్చుంది. "కాజా సరిపోయింది" అన్నాడు బావ. ర్యామ్ టక్కుమని దిగింది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు రాసి ఫ్యాన్ బిగించబోతుంటే, ఎక్కడ పూస్తున్నావే అని కేకేశాడు, ప్రాసెసర్‌కేగా అని అమ్మాయి మళ్ళీ కేకేసింది. బోర్డు పెట్టెలో బిగించారు. అన్నీ అయ్యాక గ్రాఫిక్స్ కార్డు తీసింది. పెట్టబోయింది. వంచి పెట్టబోయింది. తిప్పి పెట్టబోయింది.

"పట్టట్లేదు పెదనాన్నా."

"పడుతుంది. నాలుగుంపావు లూజు."

"లూజు లేదు. ఇదిగో చూడు, ముందు ఈ ఇనుప గూడు అడ్డొస్తోంది. లోపల పదకొండే ఉంది."

బావ టేపు లోపల పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. టేపు తీసి మెడలో వేసుకోకుండా బల్ల మీద పడేశాడు.

"నువ్వు బయట కొలిచావా?" అంది అమ్మాయి. "పెట్టెకు లోపల కొలవాలి పెదనాన్నా! మనిషి కాదుగా ఇది!"

అసలు సంగతి అదే. టైలర్ ఎప్పుడూ పైనుంచే కొలుస్తాడు. టేపు చుట్టడం, వదులు కలపడం. లోపల చెయ్యి పెట్టి ఎంత చోటుందో చూడాల్సిన అవసరం ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయనకు రాలేదు. గుడ్డయితే అరంగుళం సాగుతుంది, రేకు సాగదు.

కొట్టు ఆవిడకు ఫోన్ చేస్తే, "ముందే చెప్పానుగా మాస్టారూ. పొట్టి కార్డయితే సోమవారం తెప్పిస్తాను" అంది. సోమవారం దేనికి?

"పోనీలేవే. వాళ్ళు ఇంకొకర్ని చూసుకుంటారు. నన్ను మాత్రం ఎన్నాళ్ళని మోస్తారు?" అని బావ వెళ్ళి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. కుట్టడానికి కాదు. ఊరికే చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అక్క పోయిన రోజు కూడా అలాగే కూర్చున్నాడు.

నాకు కంప్యూటర్లు తెలియవు. కానీ ఆ పెట్టెలోకి తొంగి చూస్తే ఆ ఇనుప గూడు ఖాళీగా ఉంది.

"ఇందులో ఏం పెడతారే?"

"పాతకాలం డిస్కులమ్మా. మనకు లేవు."

"లేనప్పుడు ఈ జేబెందుకు? విప్పెయ్యండి."

అమ్మాయి నన్ను చూసింది. బావ వెనక్కి తిరిగాడు. లేచొచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, దీపం లోపలికి దించి, గూడు చుట్టూ వేలితో తడిమాడు. చొక్కా లోపలి కుట్టు వెతికినట్టే తడిమాడు.

"నాలుగు టాకాలు. రెండు కింద, రెండు పక్కన. స్క్రూలు కాదు, రివెట్లు." ఆయన గొంతు మారింది. "చిట్టీ, పక్క వీధి వడ్రంగిని డ్రిల్లు అడుగు."

"ఆగు, ఆగు! బోర్డు మీద ఇనుప రజను పడిందంటే అంతే సంగతులు. ముందు బోర్డు తియ్యాలి" అని అమ్మాయి రెండు చేతులూ అడ్డం పెట్టింది. గంటన్నర కష్టపడి బిగించినదంతా మళ్ళీ విప్పారు. బావ గొణగలేదు. విప్పి కుట్టడం ఆయనకు కొత్తేమీ కాదు.

డ్రిల్లు చప్పుడుకు పక్కింటావిడ వచ్చి, "మాస్టారు ఇనుప చొక్కా కుడుతున్నారా?" అని అడిగి వెళ్ళింది. నాలుగో టాకా ఊడి గూడు చేతిలోకి వచ్చింది. అంచులు పదునుగా ఉన్నాయని బావ నల్ల గుడ్డతో పైపింగ్ వేస్తానంటే, లోపల గుడ్డ పెడితే వేడికి కాలుతుందని అమ్మాయి ఆకురాయి చేతికిచ్చింది. అంచులు అరగదీసి, రజను దులిపి, బోర్డు మళ్ళీ బిగించి, కార్డు పెట్టారు. పట్టింది. ఇంకా రెండంగుళాలు మిగిలింది.

మొదటిసారి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. బావ ముఖం కూడా నల్లబడింది. తెర వైరు కార్డుకు కాకుండా బోర్డుకు పెట్టామని అమ్మాయి నాలుక కరుచుకుని మార్చింది. వెలిగింది. బావ చప్పట్లు కొట్టలేదు, అరవలేదు. క్యాబినెట్ పైన అరచెయ్యి పెట్టి, వణుకు ఎంతుందో చూశాడు. "చప్పుడు తక్కువే" అన్నాడు.

ఆదివారం మూడింటికి నేను టీ తీసుకెళ్ళాను. పెట్టి వచ్చేద్దామనే వెళ్ళాను. బావ స్టూలు జరిపాడు.

"కూర్చో చిట్టీ" అని చెవులకు పెట్టుకునే దాని వైరు పీకేశాడు. గొంతులు స్పీకరులోంచి గదిలోకి వచ్చాయి, మైకు బల్ల మీదే ఉంది.

"అరె, మాస్టారొచ్చారు! నేను చెప్పలేదా వస్తారని?" ఇది బేకరీ ఆయన.

"ఆ కొత్తాయన్ని ఒడ్డునే ఉంచామండీ, మీ కోసం" అన్నాడు లెక్కల టీచర్.

తెర మీద నది ఎంత బాగుందో! నీళ్ళ మీద ఎండ పడి మెరుస్తోంది. బావ రెండు చేతులతో పడవను తిప్పుతుంటే, గుడ్డ మీద కత్తెర నడిపినట్టే ఉంది. మొదటి మలుపు దాటారు. అప్పుడు ఆడగొంతు వినపడింది.

"మాస్టారూ, ఆవిడ ఎలా ఉన్నారు?"

బావ నోరు తెరిచాడు. ఆ మాట ఏదో నాకు తెలుసు. నేను గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను. అనుకోనీ, ఇంకో వారం అనుకోనీ అని మనసులో అనుకున్నాను. ఒట్టు.

"లేదమ్మా" అన్నాడు బావ. "పోయింది. ఏడు నెలలైంది. నేనే చెప్పలేదు."

తెర మీద నది కదులుతూనే ఉంది. బావ చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు. పడవ దానంతటది తిరిగి ఇసుకలోకి ఎక్కింది. గట్టు మీద నుంచి దొంగలు దిగారు. సరుకు మూటలు ఒక్కొక్కటీ ఎత్తుకుపోయారు. పడవలో నలుగురున్నారు, ఒక్కరూ తుపాకీ పేల్చలేదు.

దొంగలు పోయాక నర్సమ్మ అడిగింది. "ఆవిడ గురించి ఏదైనా చెప్పండి మాస్టారూ. మీరెప్పుడూ జబ్బు గురించే చెప్పారు. మనిషి ఎలా ఉండేవారు?"

బావ నా వైపు చూశాడు. నేను కొత్తవాళ్ళతో మాట్లాడేదాన్ని కాను, ముఖం లేని గొంతులతో అసలే కాదు. స్టూలు ముందుకు జరుపుకున్నాను.

"నేను ఆమె చెల్లెల్నండీ" అన్నాను. "మా అక్క చాలా గట్టిగా నవ్వేది. వీధి చివర్న ఉన్నవాళ్ళు కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వేవాళ్ళు."